కన్యాకుమారి సరే, సోంపేట సంగతేమిటి?

కవిటి దగ్గర పల్లె నుంచి 27 ఏళ్ల అబ్బాయి రాసిన ఉత్తరం ఇది. సంక్రాంతి వెళ్లగానే ఇచ్ఛాపురంలో సైకిలెక్కి 24 రోజుల్లో కన్యాకుమారి చేరారట, సుమారు 1,800 కిలోమీటర్లు. రైల్లో తిరిగొచ్చి నెలైంది. పలాసలో ఆఫీసు కుర్చీలో కూర్చుంటే ఊపిరాడట్లేదు, ఎవరితో మాట్లాడినా విసుగొస్తోంది. ఉద్యోగం మానేసి వేసవిలో కాశ్మీర్ దాకా తొక్కేయనా అని అడిగారు.

మానేయకండి. కాశ్మీర్ ఎక్కడికీ పోదు. మీ ప్రశ్నకు నా జవాబు ఇంతే.

రోజుకు ఐదారు గంటలు తొక్కడం అలవాటైన ఒళ్లు ఒక్కసారిగా కుర్చీకి అతుక్కుపోతే దిగులు కమ్మడం, ఆకలి తగ్గకపోవడం, నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే. పొద్దున్నే ఓ గంట తొక్కండి, మెల్లగా సర్దుకుంటుంది. అసలు బాధ ఇంకోటి ఉందనిపిస్తోంది. దారిలో ప్రతి టీకొట్టు దగ్గరా "ఎక్కడి నుంచి బాబూ" అని ఎవరో ఒకరు అడిగేవారు, ఇంటికొచ్చాక అడిగేవాళ్లు లేరు. సరే, మీరు ఇంట్లో ఎవరినైనా ఏమైనా అడిగారా?

నాలుగు పేజీల ఉత్తరంలో ధవళేశ్వరం బ్యారేజీ మీద సూర్యోదయానికి ఒక పేరా, ఒంగోలు దాటాక పడిన పంక్చరుకు అరపేజీ ఇచ్చారు. నాన్నగారికి ఒక్క వాక్యం: "నాన్నకి డయాలసిస్ నడుస్తోంది, అన్నయ్య చూసుకుంటాడు." దాని కిందే, మీరొచ్చినప్పటి నుంచి అన్నయ్య ముభావంగా ఉంటున్నాడు, కొంచెం అసూయేమో అని.

అసూయా? ఊరూరా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో పుట్టిన మీకు డయాలసిస్ అంటే ఏమిటో నేను చెప్పాలా? వారానికి మూడుసార్లు సోంపేట ఆసుపత్రి, మంచం మీద నాలుగు గంటలు, రానూపోనూ ఆటో, ఇంటికొచ్చాక నీరసంతో పడుకునే మనిషి. డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు, నెలకు 10,000 పింఛనూ వస్తుంది, కానీ పక్కన కూర్చునే మనిషిని ఏ ప్రభుత్వమూ ఇవ్వదు కదా. మీ అన్నయ్య జీడిపప్పు బట్టీలో రోజుకూలీ అని మీరే రాశారు. మీరు తిరిగిన 24 రోజుల్లో ఆయన కనీసం పదిసార్లు వెళ్లి ఉంటారు. అంటే పది రోజుల కూలి పోయింది. "ఎల్లిరా, నానున్నాను గదా" అన్నారని రాశారు. పెద్దకొడుకులు అలాగే అంటారండీ, వాళ్లకు ఇంకో మాట ఎవరూ నేర్పలేదు. అన్నారు కదా అని మీరు వెళ్లారు, అది తప్పనను. వెళ్లొచ్చి నెలైనా ఒక్కసారి కూడా సోంపేట వెళ్లలేదే, నాకు కోపమొచ్చింది అక్కడ.

ఇంకోటి, నాకు ఇది ఉత్తరం మడిచి పెట్టాక తట్టింది. దారి పొడుగునా కొబ్బరిబోండం చేత్తో పట్టుకుని ఫొటోలు దిగి ఇంట్లో గ్రూపులో పెట్టేవాణ్ని అని సంబరంగా రాశారు. మీకేమో కొబ్బరి తోటలు. ఆ తోటలు పెంచిన మనిషి, పొటాషియం పడదని బోండం ముట్టుకోకూడని మనిషి, మంచినీళ్లు కూడా కొలిచి తాగే మనిషి, ఆ గ్రూపులోనే ఉన్నాడు. మీ అన్నయ్య ముభావం ఆ ఫొటోల దగ్గరే మొదలైందేమో, నాకలా అనిపిస్తోంది.

ఇప్పుడు కాళ్లు పట్టుకుని క్షమించమని ఏడవకండి, మీ అన్నయ్యకు అదో టెన్షన్. సైకిల్ కూడా అమ్మకండి, మీ కష్టంతో కొనుక్కున్నారు, త్యాగాలు చేసి చూపిస్తే ఇంట్లో ఎవరికీ లాభం లేదు. ఆయన్ని ఆసుపత్రి ఫైలు ఇమ్మని అడగండి. డయాలసిస్ ఉన్న రోజుల్లో ఒకటో రెండో సర్దుబాటు చేయమని ఆఫీసులో అడిగి, మూడింటిలో ఒకటో రెండో మీరు తీసుకోండి. ఆఫీసు ఒప్పుకోకపోతే జీతం కోతకైనా ఒప్పుకోండి, కన్యాకుమారికి వెళ్లేటప్పుడు ఒప్పుకున్నారుగా. వదినతో కూడా ఓ మాట చెప్పండి, ఏ రోజు క్యారేజీలో ఎంత ఉప్పు, ఏ కూర అన్నది ఆవిడకే తెలుసు.

మీరు ఇల్లు చేరిన రాత్రి నాన్నగారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారని రాశారు. "గోదారిలో నీళ్లున్నాయేటి?" అని. ఫొటోలు చూపిస్తానని చెప్పి పడుకున్నారట, ఆ తర్వాత దాని ఊసే లేదు. ఆ మంచం పక్కన నాలుగు గంటలు ఉంటాయి. ఫోన్ చార్జింగ్ పెట్టుకుని వెళ్లండి. బోండం ఫొటోలు వదిలేసి ధవళేశ్వరం నుంచి మొదలుపెట్టండి.

చిటికెనవేలు, ఉంగరపువేలు ఇంకా తిమ్మిరిగా ఉన్నాయన్నారు కదా, హ్యాండిల్ మీద అరచేయి అదేపనిగా ఒత్తుకోవడం వల్ల అక్కడి నరానికి అలా అవుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. మీకు నెలైనా తగ్గలేదు కాబట్టి డాక్టరుకు చూపించండి.