పబ్బా, పానశాలా?

సందేహం: ఐర్లండ్ యాత్ర గురించి రాస్తూ ‘డింగిల్‌లో ఒక సాంప్రదాయ పానశాలలో, ఏకాంత మందిరంలో కూర్చున్నాం’ అన్నాను. మిత్రుడు చదివి నవ్వాడు. పబ్ అనే ఉంచాలా? బహువచనం పబ్‌లా, పబ్బులా?

సమాధానం: పబ్బులు అనడమే తెలుగు తీరు. ఒంటి హల్లుతో ముగిసే చిన్న ఇంగ్లీషు మాటల్లో అచ్చు హ్రస్వమైతే ఆ హల్లు ద్విత్వమవుతుంది: బస్సు, కప్పు, క్లబ్బు. దీర్ఘమైతే కాదు: కారు, బారు, షాపు. (పబ్బం గడుపుకోవడంలోని పబ్బం వేరే, అది పర్వానికి తద్భవం.)

ఇక పానశాల. శాల అనగానే ఒక పనికోసం ప్రత్యేకంగా కట్టిన విశాలమైన కట్టడం మనసులో మెదులుతుంది. ఐర్లండ్ చిన్న ఊళ్లలో పబ్బు అలా పుట్టలేదు. అది వీధిలో ఆనుకుని ఉన్న ఇళ్లలో ఒకటి. కింద వ్యాపారం, మేడమీద యజమాని కాపురం. వీధివైపు కింది అంతస్తుకు మాత్రం చెక్కతో ముఖం తొడుగుతారు. రెండు చివరలా కుడ్యస్తంభాలు, వాటిమీద అడ్డంగా పేరు పలక, దానిమీద చాలాసార్లు యజమాని ఇంటిపేరే. పక్కనున్న బట్టల కొట్టు ముఖమూ ఇదే తీరు, రంగు మాత్రం ఎవరిది వారిదే. పూర్వం పచారీ సరుకులూ మద్యమూ ఒకే కప్పు కింద అమ్మేవారు. మీరు చూసిన డింగిల్‌లోనే డిక్ మాక్స్‌లో ఒకపక్క తోలు పని, మరోపక్క మద్యం కౌంటరు. ఫాక్సీ జాన్స్‌లో ఇనప సామాను. టిప్పరరీ కౌంటీ ఫెథర్డ్‌లోని మెకార్తీస్‌వారైతే అంత్యక్రియల ఏర్పాట్లు కూడా చూస్తారు! పానశాల అన్నారంటే సగం వ్యాపారం ఎగిరిపోయినట్టే.

పోనీ సారాకొట్టు అందామా అంటే, ఆ మాట వెంట 1992 నాటి దూబగుంట ఆడవాళ్ల పోరాటం నడిచొస్తుంది. కాబట్టి పబ్బే ఉంచండి. అయితే హైదరాబాదు పాఠకుడికి పబ్బంటే డీజే హోరు. అందుకని మొదటిసారి వాడినచోట ఆ చెక్క ముఖాన్ని ఒక్క వాక్యంలో చూపించండి.

మీ మిత్రుడు నవ్వింది ఏకాంత మందిరానికే అయ్యుంటుంది. తిరుమల ఏకాంతసేవ తలపుకొచ్చే మాట అది. అక్కడివాళ్లు స్నగ్ అనేది కౌంటరును ఆనుకుని చెక్కతో అడ్డు కట్టిన చిన్న గది. బయటివాళ్ల చూపు ఆనని మసక అద్దాలు, గ్లాసు అందించడానికి చిన్న కిటికీ. నలుగురిలో తాగితే పరువు తక్కువనుకునే రోజుల్లో ఆడవాళ్లూ చర్చి ఫాదర్లూ పోలీసులూ అందులో కూర్చునేవారు. చాటుగది అనండి, చాలు. బెల్‌ఫాస్ట్‌లోని క్రౌన్ లిక్కర్ సెలూన్‌లో ఇలాంటివి పది ఉన్నాయి, ఎ నుంచి జె దాకా అక్షరాలు రాసి. రంగుటద్దాలు, నగిషీ పలకలు, గ్యాసు దీపాలతో వెలిగే ఆ పబ్బును 1978లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ కొన్నది. శాల అనదగ్గ పబ్బు ఉందంటే అది!

అన్నట్టు, ‘సాంప్రదాయ’ తప్పు. సంప్రదాయ అనండి, లేదా సాంప్రదాయిక.