టెక్ సందేహాలు: 40 వేల మైక్ కొంటే పాట మారుతుందా?

ఈసారి ప్రశ్నలన్నీ సౌండ్ మీదే పడ్డాయి. మొదటిదానికే సగం కాలమ్ అయిపోయింది, మిగతావాళ్ళు ఏమనుకోకండి.

ప్రశ్న: అన్నా, మాది కరీంనగర్ దగ్గర పల్లె. జానపదాలు పాడి ఇంట్లనే రికార్డ్ చేసి అప్‌లోడ్ చేస్త. బేరింగర్ యూఎం2 ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె), 2 వేలకు కొన్న కండెన్సర్ మైక్ ఉన్నయి. ఎంత పాడినా రేకు డబ్బల పాడినట్టే వస్తది. ఒక దోస్తు షూర్ ఎస్ఎం7బి తీస్కో, పెద్దోళ్ళంత అదే వాడుతరు అంటుండు. ఇంకొకడు అన్ని ఒకటే, పేరుకే పైసలు అంటుండు. 40 వేలు జమ చేసిన. ఏం చేయాలె?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 40 వేలు కదపకు. ఎస్ఎం7బి మంచి మైకే, దాని పాత మోడల్ ఎస్ఎం7 1973 నుంచీ స్టూడియోల్లో ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడట్లేదు. కానీ అది నీ కండెన్సర్ లాంటిది కాదు, డైనమిక్ మైక్, బయటికిచ్చే సిగ్నల్ చాలా చిన్నది, దాన్ని పైకి లేపాలంటే ఇంటర్‌ఫేస్‌లో కనీసం 60 డీబీ (డెసిబెల్) గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే బలం, ఉండాలని షూర్ వాళ్ళే చెప్తారు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 అనే ఇంటర్‌ఫేస్ మూడో తరం కూడా 56 దగ్గరే ఆగింది, 2023లో నాలుగో తరం వచ్చాకే 69 అయింది. మరి నీ యూఎం2 చిన్న పెట్టె సంగతేంటి, నాబ్ చివరిదాకా తిప్పుతావు, పాటతో పాటు వెనకాల స్‌స్‌స్ మని హిస్ కూడా లేచి కూర్చుంటుంది. అంటే 40 వేలు పెట్టి ఇప్పుడున్నదానికంటే చెత్త సౌండ్ కొనుక్కున్నట్టు.

అసలు 'రేకు డబ్బ' అన్నావు చూడు, రోగం పేరు నువ్వే చెప్పేశావు. అది మైక్ కాదు, గది. కింద టైల్స్, పైన స్లాబ్, చుట్టూ సున్నం గోడలు, మన ఇళ్ళన్నీ ఇంతే కదా, ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడు, టంగ్ మని మోగితే ఆ మోతే నీ పాటలో పడుతోంది. బహుశా మైక్‌ని మూరెడు దూరంలో పెట్టి పాడుతుంటావు. జానెడు దూరానికి జరుపు. దూరం సగమైతే గొంతు 6 డీబీ పెరుగుతుంది, గది మోత మాత్రం ఉన్న చోటే ఉంటుంది, కాబట్టి గెయిన్ తగ్గించుకోవచ్చు, మోత దానంతటదే వెనక్కి పోతుంది. పైసా ఖర్చు లేదు.

తర్వాత రెండు మందపాటి బొంతలు తీసుకుని నీ వెనకాల కట్టు. చాలామంది మైక్ వెనకాల కడతారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కార్డియాయిడ్ మైక్ (ముందు నుంచి వచ్చే సౌండే ఎక్కువగా పట్టే రకం) చూసేది నీ వైపు, అంటే నీ వీపు వెనకున్న గోడని. ఆ గోడ మీద పడి తిరిగొచ్చే సౌండే దాన్లోకి సూటిగా వెళ్తుంది. టేక్ తీసేటప్పుడు ఫ్యాన్ ఆపు. చెమటలు పడతాయి, పట్టనీ.

ఇవన్నీ చేశాక కూడా బాలేదనిపిస్తే అప్పుడు ఒక సరైన హెడ్‌ఫోన్ కొను, వినకుండా మిక్స్ ఏం చేస్తావు. ఆడియో టెక్నికా ఎం20ఎక్స్ లాంటిది చాలు.

అలాగని రెండో దోస్తు చెప్పిన 'అన్నీ ఒకటే' కూడా నేను ఒప్పుకోను. తేడా ఉంది, కాకపోతే జనం వెతికే చోట లేదు. ఇంట్లో టేబుల్ మీద కదలకుండా ఉండే గేర్‌లో చౌకకీ ఖరీదుకీ మధ్య దూరం బాగా తగ్గిపోయింది. స్టేజి మీద, బండి డిక్కీలో, వానలో, పది మంది చేతుల్లో నలిగే గేర్ దగ్గర మాత్రం ఆ దూరం అలాగే ఉంది. మనవాళ్ళు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు, ఇంట్లో 40 వేల మైక్, జాతరకి 800 మైక్.

నేనూ చేశాను లెండి. మా పిన్ని కూతురి పెళ్ళికి ఏదో ఊరూపేరూ లేని మైకులు రెండు పట్టుకెళ్ళాను, మా బాబాయ్ అప్పగింతల పాట అందుకోగానే స్విచ్ దగ్గర కనెక్షన్ వదులై గొంతు వస్తూ పోతూ, వస్తూ పోతూ, ఏడవాల్సిన ఆడవాళ్ళంతా నవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఎస్ఎం58 కొన్నాను. 1966లో వచ్చిన డిజైన్ అది, ఇప్పటికీ అమ్ముతున్నారు, కింద పడితే జాలీ సొట్టపోతుంది తప్ప మైక్ పాడుతూనే ఉంటుంది, సొట్టపోయిన జాలీ మార్చుకోవచ్చు కూడా. అయితే ఒకటి, దీనికి డూప్లికేట్లు విపరీతం, వెయ్యి రూపాయలకి ఎస్ఎం58 ఇస్తానన్నాడంటే అది ఎస్ఎం58 కాదు. ఊరూరా తిరిగి పాడేపని ఉంటే నీ డబ్బులో కొంత దీనికి పెట్టు, ఇంట్లో రికార్డింగ్‌కి కూడా పనికొస్తుంది.

పెద్దోళ్ళంత అదే వాడుతరు అన్నాడు కదా నీ దోస్తు, ఆ 'ప్రొఫెషనల్' అనే మాట మీద ఇంకో ముచ్చట. యమహా ఎన్ఎస్-10 అని తెల్ల కోన్ స్పీకర్లు, స్టూడియో ఫొటోల్లో మిక్సర్ మీద కనపడతాయి చూడండి, అవి 1978లో ఇళ్ళల్లో పాటలు వినడానికని తెచ్చినవి. అక్కడ పెద్దగా ఆదరణ రాలేదు. స్టూడియో ఇంజనీర్లు మాత్రం వీటిమీద బాగా వినిపిస్తే ఎక్కడైనా బాగుంటుందని పట్టుకెళ్ళారు. పైగా కీచుమంటున్నాయని ట్వీటర్లకి (సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లకి) టిష్యూ పేపర్ అడ్డం పెట్టుకుని మరీ వాడారు.

ప్రశ్న: సార్, మాది తెనాలి. ఇంటర్‌ఫేస్, కీబోర్డ్ రెండూ ల్యాప్‌టాప్‌కి కలిపితే గుంయ్ మని హమ్ వస్తోంది. ఖరీదైన ఇంటర్‌ఫేస్ కొంటే పోతుందా?

జవాబు: ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డ్ చేసి చూడండి. హమ్ ఆగిపోతే అది కరెంట్, ఎర్తింగ్ వ్యవహారం, మన 50 హెర్ట్జ్ కరెంటే అలా పాడుతోంది, లక్ష పెట్టి ఇంటర్‌ఫేస్ కొన్నా పోకపోవచ్చు. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టండి, కీబోర్డ్ నుంచి మామూలు జాక్ బదులు డీఐ బాక్స్ (కీబోర్డ్ సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) వాడితే ఇంకా మంచిది. ఎర్త్ పిన్ విరగ్గొడితే హమ్ పోతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. అలాంటి చోటే గిటార్ పట్టుకుని పాడేవాడి పెదవి మైక్‌కి తగిలి జివ్వుమనేది, అదృష్టం బాలేకపోతే ప్రాణం మీదకే వస్తుంది. ఇంట్లో సాకెట్లకి అసలు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించుకోండి.

ప్రశ్న: డల్లాస్ నుంచి రాస్తున్నానండీ. సెన్‌హైజర్ హెచ్‌డి 600 కొన్నాను, ఫోన్‌కి పెడితే వాల్యూమ్ ఫుల్ పెట్టినా గుసగుసలాడుతున్నట్టే ఉంది. డిఫెక్ట్ పీసా?

జవాబు: కాదండీ. అది 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్, అంటే కరెంట్‌కి అడ్డు ఎక్కువ, ఫోన్ డాంగిల్‌లో (ఛార్జింగ్ పోర్ట్‌కి పెట్టే చిన్న అడాప్టర్‌లో) దాన్ని నడిపే వోల్టేజ్ సాధారణంగా ఉండదు. చిన్న డాక్ ఆంప్ (ఫోన్ సిగ్నల్‌ని సౌండ్‌గా మార్చి బలం పెంచే పెట్టె) ఏదైనా కలపండి, లేదా మీ ఇంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే దాని హెడ్‌ఫోన్ జాక్‌కి పెట్టి చూశాకే రిటర్న్ గురించి ఆలోచించండి. ఒక సంగతి, అది ఓపెన్ బ్యాక్ (కప్పుల వెనక మూసి ఉండని రకం), మీరు వినేది పక్కనున్నవాళ్ళకీ వినిపిస్తుంది, ఆఫీస్‌కి మాత్రం తీసుకెళ్ళకండి.