వేసవి నేచర్ క్యాంపుకి ఎనిమిదేళ్ల పాపని పంపొచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: పాప మూడో తరగతి పూర్తి చేసింది, సెలవుల్లో రోజంతా ట్యాబ్‌తోనే కూర్చుంటోంది. వైజాగ్‌లో పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసే నేచర్ క్యాంపుకి పంపాలని ఉంది గానీ ఎండన్నా, పాములన్నా భయం. పైగా మీవారు ఆ డబ్బుతో అబాకస్‌లో చేర్పిద్దామంటున్నారు.

నా మాటైతే పంపండి. కాకపోతే ఏ క్యాంపుకి, ఏ రోజుల్లో అన్నది బాగా చూసుకోవాలి. నేను ప్రైమరీ పిల్లలకి ఈవీఎస్, అంటే పరిసరాల విజ్ఞానం చెబుతాను. వేసవిలో ఇలాంటి ఒక చిన్న క్యాంపులో పిల్లల వెంట నడుస్తుంటాను, మా అబ్బాయి కూడా చిన్నప్పుడు దానికే వచ్చేవాడు. అక్కడ చూసిన దాన్ని బట్టే ఇదంతా రాస్తున్నాను.

ఎక్కువ చోట్లు తిప్పితే మంచి క్యాంపని చాలామంది అనుకుంటారు. ఈ వయసు పిల్లలకి అది అస్సలు పనికిరాదండీ. ఒకే రోజులో జూ, కైలాసగిరి, బీచ్, చివర్లో సర్టిఫికెట్ అని ప్రకటనలో కనిపిస్తే, పొద్దంతా బస్సు ఎక్కడం దిగడంతోనే సరిపోతుంది. పిల్లల్ని ఒక చెట్టు కింద అరగంట వదిలేయగలిగే ఓపిక ఉన్నవాళ్లు నడిపే క్యాంపు వెతకండి. నిర్వాహకులకి ఫోన్ చేసి "ఒక్కో చోట ఎంతసేపు ఉంటారు?" అని అడిగితే చాలు, సగం విషయం తెలిసిపోతుంది.

ఎందుకంటున్నానో చెప్తాను. ఒకసారి జీడిమామిడి చెట్టు దగ్గర ఆగాం. కొమ్మ చివర ఆకులన్నీ దగ్గరకి లాగి బంతిలా కట్టిన ఎర్ర చీమల గూడు ఉంది. పెద్దవాళ్లం "కుడతాయి, దూరంగా ఉండండి" అని దాటిపోతాం. ఆరోజు పిల్లల్ని రెండడుగుల దూరంలో కూర్చోబెట్టి ఊరుకున్నాం. ముందు అల్లరి, తర్వాత విసుగు. ఆ తర్వాత రెండో తరగతి పిల్ల ఒకతి "టీచర్, ఇవేటి, ఆకులు కుట్టేస్తన్నాయి!" అని అరిచింది. నిజంగానే కుడుతున్నాయి. కొన్ని చీమలు వరసగా ఆకు అంచు పట్టుకుని రెండో ఆకు వైపు లాగుతున్నాయి. ఇంకొన్ని తమ పిల్ల పురుగుల్ని నోట కరుచుకుని ఈ ఆకు మీదా ఆ ఆకు మీదా ఆనిస్తున్నాయి. ఆ పిల్ల పురుగు నోటి నుంచి వచ్చే పట్టుదారమే అక్కడ కుట్టు. పెద్ద చీమలకి దారం రాదు, అందుకని పిల్లల్నే కండెలా వాడుకుంటాయి. ఈ సంగతి నేను నోటితో చెప్పుంటే ఎవరికీ గుర్తుండేది కాదు. కళ్లతో చూసింది కాబట్టి ఆ పిల్ల మర్నాడు వాళ్ల నాన్నని కూడా తీసుకొచ్చి చూపించింది.

ఇక చోట్ల సంగతి. హనుమంతవాక దాటాక హైవే పక్కనున్న కంబాలకొండ ఈ పనికి బాగుంటుంది. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది, లోపల చిరుతలు కూడా ఉన్నాయి. కంగారు పడకండి, చిన్నపిల్లల్ని ముందు భాగంలో ఉన్న ఎకో పార్కు బాటల్లోనే నడిపించాలి. అటవీ శాఖకి ముందే చెప్పి అనుమతి తీసుకున్నారా, వాళ్ల గైడ్ వెంట వస్తారా అని తప్పకుండా అడగండి. నీడ కావాలనుకుంటే పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోని బయోడైవర్సిటీ పార్కు ఉంది. చిన్నదే గానీ సీతాకోకచిలుకలు చూడాలంటే ఊళ్లో నాకు అంతకంటే నచ్చిన చోటు లేదు. జూ కూడా మంచిదే, సోమవారం సెలవు.

భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు మాత్రం మే నెలలో వద్దు. అలాంటి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడులో, శ్రీలంకలో తప్ప ఈ చుట్టుపక్కల దేశాల్లో ఇంకెక్కడా కనిపించవు. పిల్లలకి చూపించాల్సిన చోటే. కానీ నిలబడడానికి నీడ ఉండదు, అంచులు విరిగి పడుతుంటాయి. డిసెంబరులో మీరే తీసుకెళ్లండి.

బీచ్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇక్కడే క్యాంపు మంచి చెడ్డలు తేలిపోతాయి. తెన్నేటి పార్కు కింద గానీ, మంగమారిపేట దగ్గర గానీ నీరు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ గుంటల్లోనే అసలు సముద్రం కనిపిస్తుంది: ముట్టుకుంటే ముడుచుకుపోయే సీ అనిమోన్లు, రాయికి అతుక్కున్న నత్తలు, ఖాళీ గుల్లలో కాపురం పెట్టిన పీతలు. ఆ పీతకి వెనక భాగం మెత్తగా ఉంటుంది, గుల్ల లేకపోతే చేపకో పిట్టకో ఆహారమైపోతుంది. ఒళ్లు పెరిగేకొద్దీ ఇంకా పెద్ద గుల్ల వెతుక్కోవాలి. ఇది అర్థమైన పిల్లలు గవ్వలు ఏరి జేబులో వేసుకోవడం వాళ్లంతట వాళ్లే మానేస్తారు. మేం ఒక్కసారి కూడా "ఏరకండి" అని చెప్పాల్సిన అవసరం రాలేదు.

అయితే ఆటుపోట్ల వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ ఉంటుంది. కాబట్టి "రోజూ 7 గంటలకి బీచ్" అని టైంటేబుల్ వేసినవాళ్లు సముద్రాన్ని చూసి వేసినట్టు కాదు. నీరు తగ్గే వేళ ఎప్పుడో చూసుకుని రోజు ఖాయం చేసేవాళ్లకి పని తెలుసు. పాచి పట్టిన రాళ్లు బాగా జారతాయి, వెనక పట్టీ ఉన్న చెప్పులో పాత బూట్లో వేసి పంపండి. పోటు వస్తున్నప్పుడు పిల్లల్ని రాళ్ల మీద ఉంచే క్యాంపైతే మర్నాడు పంపకండి.

ఏప్రిల్ ఆఖరులో చేరితే ఇంకో మేలు ఉంది. చలి చివర్లో మన తీరానికొచ్చి ఆలివ్ రిడ్లే తాబేళ్లు పెట్టిన గుడ్లని అటవీ శాఖ వాళ్లు సేకరించి కంచె వేసిన చోట పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆ రోజుల్లో ఇంకా కొన్ని పొదుగుతుంటాయి కాబట్టి అదృష్టం ఉంటే తెల్లవారుజామున వాటిని సముద్రంలోకి వదలడం చూడొచ్చు. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుడతాయని చెబితే పిల్లలు అడిగే ప్రశ్నలకి అంతు ఉండదు. చేత్తో పట్టుకోనివ్వని, ఫ్లాష్ కొట్టనివ్వని సిబ్బంది ఉంటే సంతోషించండి.

మీ మొదటి భయం ఎండ. అది సరైన భయమే. మన ఊరి ఎండ విజయవాడలోలా మాడ్చదు, ఉక్కపోతతో నీరసం తెప్పిస్తుంది. గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే 6 నుంచి 9 వరకే బయట, ఆ తర్వాత కప్పు కిందో మంచి చెట్ల నీడలోనో బొమ్మలు, భూతద్దాలు, కథలు, భోజనం. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, ఆలోపే ముగిసే బ్యాచ్ చూడండి. టిఫిన్‌తో పాటు చోడి (రాగి) అంబలో పల్చటి మజ్జిగో పంపితే ఏ కూల్‌డ్రింకూ దానికి సాటి రాదు.

ఇక్కడ తల్లులెవరూ అడగని ప్రశ్న ఒకటుంది: బాత్రూం ఎక్కడ, శుభ్రంగా ఉందా? లేకపోతే ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. ఎవరికీ చెప్పరు, సీసా నిండుగా అలాగే ఇంటికొస్తుంది. నీరసించి పడిపోయే పిల్లల్లో ఎక్కువమంది అలాంటివాళ్లే అని నా అనుభవం. ఆ సదుపాయం లేని చోటికి, మిగతావన్నీ ఎంత బాగున్నా, నేను పంపను.

పాములు కంబాలకొండలో ఉంటాయి, నాగుపాము, రక్తపింజరితో సహా. గుంపుగా నడిచే పిల్లల దారికి అవి మామూలుగా రావు. కంటికి కనిపించని చోట చెయ్యి పెట్టకూడదు, రాయి ఎత్తి చూడకూడదు, ఈ రెండూ పాపకి మీరే ఇంట్లో చెప్పి పంపండి. ఒకవేళ కాటు పడితే కట్లు బిగించడం, కోయడం ఏవీ వద్దు, కదలనివ్వకుండా వెంటనే కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) తీసుకెళ్లాలి. క్యాంపు దగ్గర వాహనం సిద్ధంగా ఉంటుందా అని అడగండి. నిజానికి మాకు ఎక్కువగా ఎదురయ్యేవి కందిరీగలు, దురదగొండి కాయలు, జారిపడి గీసుకున్న మోకాళ్లు. అందుకే ఎనిమిది మంది పిల్లలకి ఒక పెద్దవాళ్లయినా ఉండాలంటాను. నలభై మందికి ఇద్దరున్న క్యాంపు ఒకటి చూశాను, ఆ ఇద్దరూ పొద్దంతా లెక్కపెట్టుకోవడంతోనే అలసిపోయారు పాపం.

మీవారి మాట కాదనకండి, అబాకస్ జూన్ తర్వాత కూడా ఉంటుంది, తాబేలు పిల్లలు ఉండవు అని చెప్పి చూడండి. ట్యాబ్ గురించి మాత్రం నేను పెద్ద హామీ ఇవ్వను. క్యాంపు నుంచి వచ్చాక కూడా అడుగుతుంది. అప్పుడు బాల్కనీలో కరివేపాకు మొక్క ఉంటే ఆకుల మీద వెతకమనండి. పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగు దొరికితే అది సీతాకోకచిలుక గొంగళే. పెరిగాక పచ్చబడుతుంది, కదిలిస్తే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. రోజూ చూసి బొమ్మ గీసే నోట్‌బుక్ ఒకటి కొనివ్వండి. కూరలోకి కాసిని ఆకులు తగ్గుతాయి, అంతే.

సీట్లు తక్కువుండే మంచి బ్యాచ్‌లు మార్చి ఆఖరుకే నిండిపోతాయి. స్కూలు సెలవులు ఏప్రిల్ నాలుగో వారంలో మొదలయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే కనుక్కోండి. వీలైతే ముందు ఒక పొద్దున్న మీరే వెళ్లి, వాళ్లు పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో కాసేపు నిలబడి చూసి రండి.