పేరులో సోలార్ ఉంటే చాలదు

పలమనేరు నుంచి ఒక తండ్రి అడిగారు: ఇంటర్ ఎంపీసీ ముగించిన కుమార్తెను ఒక ప్రైవేటు కళాశాల వారు చెబుతున్న ‘పునరుత్పాదక ఇంధన’ ప్రత్యేక బీటెక్‌లో చేర్చాలా, మామూలు ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్)లోనా, లేక బంధువులందరూ అంటున్నట్టు కంప్యూటర్ సైన్సులోనా?

అయ్యా, ఏటా కౌన్సెలింగ్ వేళకు కోర్సు పేరు మారి ఇదే ప్రశ్న నా దగ్గరకు వస్తుంది. మీ భయం కోర్సు గురించి కాదు, ఇప్పుడు తప్పటడుగు వేస్తే మళ్లీ దిద్దుకోలేమేమోనని. ట్రిపుల్‌ఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవారు మీ వీధిలోనే ఉంటారు కాబట్టి ఆ భయం వదిలిపెట్టండి.

కరెంటుకు గిరాకీ పెరుగుతోందన్న మాట నిజమే. 2024 మే 30న దేశంలో గరిష్ఠ డిమాండు 2,50,000 మెగావాట్లకు చేరింది. 2025 మధ్య నాటికి స్థాపిత సామర్థ్యంలో, అంటే ప్లాంట్లన్నీ పూర్తిగా నడిస్తే ఇవ్వగల కరెంటులో, సగం బొగ్గు, గ్యాసులతో పనిలేనిదే అయినా, వాడే కరెంటులో సింహభాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. ఈ తేడా ఎందుకొచ్చిందో ఆ కళాశాల వారి కరపత్రంలో ఉండదు.

మొన్న వేసవిలో తిరుపతి దగ్గర నా పాత విద్యార్థిని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)గా పనిచేస్తున్న సబ్‌స్టేషన్‌కు వెళ్లాను. సాయంత్రం ఆరు దాటింది. పగటి వ్యవసాయ సరఫరా ముగిసి ఆ ఫీడర్లు (కరెంటు బయటికి తీసుకెళ్లే లైన్లు) ఖాళీగా ఉన్నాయి, టౌను ఫీడరు మాత్రం లాగ్‌బుక్‌లో గంటగంటకూ ఆంపియర్లు పెంచుకుంటూ పోతోంది. మేడల మీది సోలార్ పలకలు చేతులెత్తేసే వేళకే ఏసీలు మొదలవుతాయి. ఆ నాలుగైదు గంటలను గట్టెక్కించడమే అసలు ఉద్యోగమని ఆ అమ్మాయి చెప్పింది. కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురంలో పగటి కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి అవసరమైనప్పుడు కిందికి వదిలే ఏర్పాటు కూడా ఇందుకోసమే. అక్కడ కావలసింది మెషీన్లు, ప్రొటెక్షన్, పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవారు, అంటే మంచి ట్రిపుల్‌ఈ చదివినవారు.

ప్రత్యేక కోర్సు మీద నా అనుమానాలు దాచను. సోలార్ పార్కు కట్టేటప్పుడు వందలమందికి పని దొరుకుతుంది, కట్టాక పలకలు కడగడానికి, ఇన్వర్టర్లు చూసుకోవడానికి కొద్దిమంది చాలు. కరెంటు ఇళ్లకు పంపిణీ చేసే డిస్కంలు, పెద్ద లైన్ల మీద చేరవేసే ట్రాన్స్‌కో అడిగేది ఎలక్ట్రికల్ డిగ్రీ కనుక, పట్టా మీద వేరే పేరుంటే అది దానికి సమానమేనని నిరూపించుకునే తిప్పలు మీ అమ్మాయికే. నాలుగేళ్ల సిలబస్ అడిగి తీసుకుని, పైన చెప్పిన సబ్జెక్టులు అందులో లేకపోతే ఆ గుమ్మం తొక్కకండి. సోలార్ మీద మక్కువ ఉంటే ఎంటెక్‌లో చదువుకోవచ్చు.

ఇక మీతో ఒక మాట. రెండు పేజీల ఉత్తరంలో బస్సు ఛార్జీ ఉంది, మీ బావమరిది కొడుకు ప్యాకేజీ ఉంది, ‘ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా’ అన్న ఆందోళన ఉంది, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క వాక్యమూ లేదు. స్తంభాలెక్కేది లైన్‌మన్, ఇంజనీరు కాదు. ఆ సబ్‌స్టేషన్‌లో సిబ్బంది మొత్తానికి అధికారి నేను చెప్పిన అమ్మాయే.

కంప్యూటర్ సైన్సుతో పోలిక అడిగారు. అమ్మాయికి ఫిజిక్సులో విద్యుత్ పాఠాలు నచ్చాయో లేదో తెలియకుండా ఆ పోలిక నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. ముందు ఆమెను ఒక ట్రిపుల్‌ఈ ల్యాబు చూసి రమ్మనండి. వెబ్ ఆప్షన్ల వరుస ఆమె రాయాలి, మీరు ఫీజు లెక్క చూసుకోండి.