కాటా దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

ట్యునీషియాలో అసమానత, ప్రజాస్వామ్యం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ మొదటి రెండు పేజీలూ గిని సూచీలే, అంటే ఆదాయాల్లో తేడా ఎంతుందో చెప్పే అంకెలే. సిదీ బూజిద్ ఊళ్లోని ఆ కూరగాయల బండి మూడో పేజీకి గానీ రాలేదు. అదీ ఒక్క వాక్యం!

అక్కడే మొదలుపెట్టు. 2010 డిసెంబర్ 17న అధికారులు ఆ బండివాడు మహమ్మద్ బువజీజీ కాటా లాక్కున్నారు. కాటా పోయిందంటే బండివాడికి ఆ పూట కూడు పోయినట్టే. మా వీధి చివర ఒకసారి బళ్లు ఎత్తేస్తుంటే ఒక ముసలామె టమాటాలన్నీ వదిలేసి, కాటాని మాత్రం కొంగులో చుట్టుకుని పరిగెత్తింది. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. బువజీజీ గవర్నర్ ఆఫీసు ముందు ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. దాంతో జనం తిరగబడ్డారు. నెల తిరక్కుండా, 23 ఏళ్లు ఏలిన అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు.

అప్పటి నినాదం చూడు: పని, స్వేచ్ఛ, ఆత్మగౌరవం. పని ముందుంది. స్వేచ్ఛ వచ్చింది, 2014లో కొత్త రాజ్యాంగమూ వచ్చింది. పని రాలేదు. ఫ్యాక్టరీలు, హోటళ్లు తీరం వెంబడే ఉండిపోయాయి. లోపలి ఊళ్లలో డిగ్రీ చదివిన కుర్రాళ్లు కాఫీ కొట్ల దగ్గరే ఉండిపోయారు.

2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును ఆపేస్తే జనం రోడ్ల మీదికొచ్చి సంబరాలు చేసుకున్నారు. వాళ్లని నువ్వు 'అమాయకులు' అన్నావు. ఆ మాట కొట్టెయ్. నాకు కోపమొచ్చింది. పదేళ్లు ఓట్లేసినా కొడుకు ఖాళీగానే ఉన్న తల్లి, పార్లమెంటు మూసేశారని ఎందుకు ఏడుస్తుంది?

ఓటులో సమానత్వం, బతుకులో అసమానత ఎక్కువకాలం కలిసి సాగితే బాధపడేవాళ్లే ఈ ప్రజాస్వామ్య కట్టడాన్ని పేల్చేస్తారని 1949 నవంబర్ 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ట్యునీషియాలో వాళ్లు పేల్చలేదు. ఇంకొకరు తాళం వేస్తుంటే అడ్డుపడలేదు, అంతే. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది. 2022 డిసెంబర్ ఎన్నికల్లో ఓటేసింది నూటికి 11 మందే. ఆ ఖాళీ బూత్ కూడా చూపించు.

అసమానత ఒక్కటే ఇదంతా చేసిందని మాత్రం రాయకు. పార్టీల కుమ్ములాటలున్నాయి, 2021 వేసవి కరోనా చావులున్నాయి.

దసరాలోపు తిరగరాసి పంపు. గిని సూచీ ఒక్కటి ఉంచుకో, చాలు.

మీ అన్నయ్య