ఎస్‌పీఎల్ బ్యాడ్జా, స్కూలు పత్రికా?

ప్రశ్న: మా అమ్మాయి పాలకొల్లు దగ్గర ఒక క్యాథలిక్ కాన్వెంటులో తొమ్మిదో తరగతి చదువుతోంది. తెలుగూ ఇంగ్లిషూ బాగా రాస్తుంది. ఈ ఏడాది స్కూలు పత్రిక ఎడిటర్‌గా ఉండమని హెడ్ సిస్టర్ గారు అడిగారు. వచ్చే ఏడు ఎస్‌పీఎల్‌గా (స్కూలు విద్యార్థి నాయకురాలిగా) నిలబడమని టీచర్లు అంటున్నారు. ఈమేమో రెండూ చేస్తానంటోంది. పదో తరగతి మార్కులు పోతాయని మా భయం. వీటివల్ల ముందు ముందు ఉపయోగం ఉంటుందా?

జవాబు: చేయనివ్వండి, కానీ రెండూ ఒకే ఏడాదిలో వద్దండి. తొమ్మిదిలో పత్రిక పెట్టుకోమనండి. పదికి వచ్చేసరికి ఎడిటర్ పని ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకి అప్పగించి, అప్పటికీ ఇష్టముంటే ఎన్నికలో నిలబడమనండి.

టైమ్ చాలదని మాత్రమే కాదు ఈ మాట చెప్పడం. ఎస్‌పీఎల్ పిల్లల మాట యాజమాన్యానికి, యాజమాన్యం మాట పిల్లలకి చేరవేయాలి. ఎడిటర్ ఆ ఇద్దరినీ ప్రశ్నలడిగి రాయాలి. ఎన్నికప్పుడు ఎస్‌పీఎల్ ఇచ్చిన హామీల్లో ఎన్ని అయ్యాయో రాయాల్సిన పిల్లే ఎస్‌పీఎల్ అయితే, ఆ వార్త ఎప్పటికీ రాదు.

ముందు పత్రిక సంగతి. నెలనెలా తెస్తామని మొదలుపెట్టినవి రెండో సంచికకే ఆగిపోతుంటాయి. ఏడాదికి మూడు చాలు: ఆగస్టు, అక్టోబరు, డిసెంబరు. మిషనరీ స్కూళ్లకి క్రిస్మస్ సెలవులు ఎక్కువ, అవి అయ్యీ అవ్వగానే సంక్రాంతి. అందుకని మూడోది డిసెంబరు 15 లోపు చేతికి రావాలి. జనవరికి వాయిదా వేశారంటే అది ప్రీ ఫైనల్స్ కింద పడి నలిగిపోతుంది.

ఒక ఏ3 కాగితం రెండువైపులా ముద్రించి మధ్యకు మడిస్తే నాలుగు ఏ4 పేజీలు. బయటివైపు ఎడమన 4వ పేజీ, కుడిన 1వ పేజీ రావాలి; లోపల 2, 3. ఈ లెక్క కంప్యూటర్‌లో పేజీలు పేర్చే డీటీపీ వారికి ముందే చెప్పకపోతే పేజీలు తారుమారవుతాయి. ఫొటోలు పోను నాలుగు పేజీలకి 1,200 మాటలకి మించి పట్టవు. అంటే 150 మాటల వార్తలు ఎనిమిది. పిల్లలు మాత్రం ఇరవై రాసుకొస్తారు. ఏవి ఆపాలో తేల్చుకోవడమే ఎడిటర్‌కి అసలు పరీక్ష.

నాలుగు వారాలు పెట్టుకోండి. మొదటి వారం ఎవరేం రాయాలో పంచుకోవడం, రెండో వారం రాయడం, మూడో వారం దిద్దడం, సిస్టర్ గారికి చూపించడం, నాలుగో వారం ముద్రణ. ఎక్కువగా చిక్కుపడేది సిస్టర్ గారికి చూపించే దగ్గరే. పేజీలన్నీ పెట్టేశాక తీసుకెళ్తే, ఒక వార్త వద్దన్నా మొత్తం మళ్లీ పేర్చాలి. టైపు చేయకముందే కాగితాల మీద చూపించి, ఫలానా తేదీకి తిరిగిస్తారా అని అడగాలి. పత్రికను వేసేది యాజమాన్యం కాబట్టి చివరి మాట వాళ్లదే. దానికి నొచ్చుకోకూడదని ముందే చెప్పి ఉంచండి.

తర్వాతి తలనొప్పి అక్షరాలు. ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్. మన డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు వాడతారు. మార్చకుండా అతికిస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. మార్చాక కూడా ప్రింటు తీసి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దాలి. పిల్లల పేర్లు, ఇంటిపేర్లు హాజరుపట్టీ చూసి సరిచూడాలి. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే పలచబడిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఇక ఏం రాయాలి? మన రాజమహేంద్రవరం వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని మొదలుపెట్టారు. అధికారుల లంచాల మీద రాసిన పత్రిక అది. స్కూలు పత్రిక అంత దూరం వెళ్లనక్కర్లేదు గానీ, కుళాయి గురించైనా రాయగలగాలి. "మా స్కూల్లో నీళ్లు సరిగా రావు, పట్టించుకునేవారే లేరు" అని రాస్తే సిస్టర్ గారు కొట్టేస్తారు, కొట్టేయాల్సిందే కూడా. "పాత బ్లాకులో ఎనిమిది కుళాయిల్లో మూడు సోమవారం నుంచి పనిచేయడం లేదు. వాషర్లు తెప్పించామని, శనివారంలోగా వేయిస్తామని ఆఫీసులో చెప్పారు" అని రాస్తే ఆపడానికి కారణం దొరకదు. గోదావరికి వరదొస్తే లంక గ్రామాల పిల్లలు ఎన్ని రోజులు రాలేకపోయారు, పోయిన పాఠాలు ఎవరు చెప్పారు అన్నది ఆగస్టు సంచికకి మంచి వార్త. ఒక్క హద్దు మాత్రం దాటకూడదు: ఏ పిల్ల మీదైనా, పిల్లాడి మీదైనా లైంగిక వేధింపు జరిగితే అది పత్రికలోకి రాకూడదు. బాధితుల ఆనవాలు తెలిసేలా రాయడం 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. నేరుగా పెద్దవాళ్లకి చెప్పాలి.

ఎస్‌పీఎల్ పని రోజూ ఉదయం అసెంబ్లీతో మొదలవుతుంది. బాగా బరువయ్యేది ఆగస్టు 15, టీచర్స్ డే, స్కూలు పేరుపెట్టుకున్న పునీతుల పండగ, క్రిస్మస్, యాన్యువల్ డే ముందు వారాల్లో. నామినేషన్ వేసేముందే సిస్టర్ గారిని కలిసి, జనవరి నుంచి రోజువారీ పనులు ఏఎస్‌పీఎల్ (సహాయ ఎస్‌పీఎల్) చూసుకునేలా మాట్లాడుకోండి. మార్కుల భయానికి ఇదే సరైన మందు.

ఉపయోగం అంటారా, ఈఏపీసెట్‌లో, జేఈఈలో వీటికి ఒక్క మార్కూ రాదు. ఇంటర్ తర్వాత లా చదవాలనుకుంటే, జాతీయ లా ప్రవేశ పరీక్ష క్లాట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు, చాలావరకు పేరాలు చదివి జవాబివ్వాల్సినవే; దిద్దడం అలవాటైన పిల్లకి అది తేలిక. సైనిక అధికారుల శిక్షణకి ఎన్‌డీఏకి వెళ్తే, ఎంపిక బోర్డు ఎస్‌ఎస్‌బీలో నింపే ఫారంలో స్కూల్లో చేసిన బాధ్యతలు రాయాలి, ఇంటర్వ్యూలో వాటి మీద గుచ్చి గుచ్చి అడుగుతారు. అమెరికా కాలేజీలు చాలావాటికి ఒకటే దరఖాస్తైన కామన్ అప్లికేషన్‌లో ఒక్కో పని గురించి రాసుకోవడానికి ఇచ్చేది 150 అక్షరాలే. "ఎడిటర్‌గా చేశాను" అన్నదానికన్నా ఎన్ని సంచికలు, ఎంతమంది జట్టు అన్నది అక్కడ పనికొస్తుంది.

అందుకే ప్రతి సంచిక రెండేసి కాపీలు, పీడీఎఫ్‌తో సహా దాచండి. తను రాసిన వార్తల పక్కన తేదీ వేయించండి. చేసిన పనేమిటో రాసిన ఉత్తరం ఒకటి, స్కూలు లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో, టీసీ తీసుకునే ముందే అడిగి తీసుకోండి. తర్వాత సిస్టర్ గారికి బదిలీ అయితే, ఈమె చేసిన పని తెలిసినవాళ్లు అక్కడ ఉండకపోవచ్చు.