పన్నెండో రోజు మళ్లీ ఎరుపెందుకు?

ప్రశ్న: మా బాపుకు 61 ఏండ్లు. మూత్రసంచిలో గడ్డ ఉందని 12 రోజుల కింద హన్మకొండలో ఆపరేషన్ చేశారు. కడుపు కోయలేదు, మూత్రం దారిలోంచే తీశారు. పైపు మూడో రోజే తీసేశారు. వారానికి మూత్రం తేటపడింది, నిన్నటి నుంచి మళ్లీ ఎర్రగా వస్తోంది. నీళ్లు తక్కువ తాగితే రక్తం ఆగుతుందని చుట్టాలంటున్నారు. బాపేమో పత్తి ఏరే రోజులని చేనుకు పోతానంటున్నాడు. బీడీలు మానలేదు.
- ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: గడ్డను గీకిన చోట కరెంటుతో కాల్చి రక్తం ఆపుతారమ్మా. అక్కడ కట్టిన పక్కు 10 నుంచి 14 రోజుల మధ్య రాలుతుంది. అప్పుడు కొంత ఎరుపు రావడం మామూలే. పైన కోత లేదు కాబట్టి అంతా మానిందనుకుంటారు గానీ, లోపల ఇంకా పచ్చిపుండే.

నీళ్లు మాత్రం తగ్గించొద్దు. మూత్రం చిక్కబడితే రక్తం లోపలే గడ్డకడుతుంది. పగలు గంటకో గ్లాసు చొప్పున రోజుకు 2 నుంచి 2.5 లీటర్లు తాగించండి. గుండె, కిడ్నీ జబ్బులుంటే డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి. మూత్రాన్ని గాజు గ్లాసులో పట్టి చూడండి. పలచని రోజా రంగుంటే నీళ్లు తాగుతూ, పని మానుకుని ఉంటే చాలు. చిక్కటి ఎరుపుతో రక్తం గడ్డలు పడుతున్నా, చలిజ్వరం 100.4 డిగ్రీలు దాటినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. మూత్రం అసలు రాక పొత్తికడుపు ఉబ్బితే, రక్తం గడ్డ దారి మూసిందన్నమాట. అప్పుడు ఇంకా నీళ్లు తాగించకుండా, అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో పైపు వేసి గడ్డలు కడిగేస్తారు.

మొత్తం మూడు వారాల దాకా పత్తి బోరేలు ఎత్తడం, గుంతల బాటలో బండి నడపడం వద్దు. దొడ్డికి ముక్కినా రక్తం పడుతుంది. తోటకూర, జామపండు పెట్టండి. అప్పటికీ సాఫీగా కాకపోతే డాక్టరును సిరప్ అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, ఆపడమైనా మొదలుపెట్టడమైనా డాక్టరు చెప్పాకే.

బీడీ ఇవాళే మాన్పించండి. పొగలోని విషాలను కిడ్నీలు వడగట్టి మూత్రంలోకి పంపుతాయి. ఆ మూత్రం గంటల తరబడి నిలిచేది ఈ సంచిలోనే. మానకపోతే గడ్డ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

మీరు అడగలేదు గానీ, తీసిన గడ్డ ముక్కను పరీక్షించి ఇచ్చే బయాప్సీ రిపోర్టు తెచ్చుకున్నారా? ముక్కలో కండర పొర వచ్చిందా, గ్రేడ్ (గడ్డ తీవ్రత) ఎంత అని డాక్టరును అడగండి. రిపోర్టును బట్టి కొందరికి 2 నుంచి 6 వారాల్లో మళ్లీ గీకాల్సి వస్తుంది. అవసరం లేదన్నా, మూడో నెలలో కెమెరా పరీక్షకు తప్పక తీసుకెళ్లండి. మూత్రం తేటగా ఉందని ఆ తేదీ దాటనివ్వకండి.